నీటి మాటలు

జలశాస్త్ర పదాలు ఇంజనీర్ల సొత్తు, సాహిత్యకారులకు వాటితో పనేమి అనుకొనే కాలం పోయినది. కృష్ణాజలాల పంపకం గురించి వ్యాసం వ్రాసేవారికీ, తుపాను వార్తను ఆంగ్లం నుండి తెనిగించేవారికీ, ఏటి ఒడ్డు పల్లెను నవలలో నిలిపేవారికీ ఇవి కావలసిన మాటలే. వీటిని అస్పష్టంగా వాడితే చెడేది శైలి మాత్రమే కాదు, అర్థమే తలక్రిందులవుతుంది.

వరదల వేళ 'పరీవాహక ప్రాంత ప్రజలు జాగ్రత్తగా ఉండాలి' అని పత్రికలు వ్రాస్తాయి. వారి ఉద్దేశం ఒడ్డునా, లంకలలోనూ ఉండే జనమని. కాని ఏ నేలపై కురిసిన వాన చివరకు ఒక నదిని చేరుతుందో ఆ నేల అంతా ఆ నదికి పరీవాహక ప్రాంతమే. గోదావరికి ఇది సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్లు. నాసిక్, నాందేడ్, నిజామాబాదు, బస్తరు అన్నీ అందులోనివే. అంతమందినీ మేడ ఎక్కమనడం ఎవరి ఉద్దేశమూ కాదు. 'తీరవాసులు', 'లంకవాసులు' అనే చక్కని మాటలు మనకు ఉండనే ఉన్నవి.

రెండు పరీవాహక ప్రాంతాలను విడదీసే మిట్టను జలవిభాజకం అంటారు. త్ర్యంబకం వద్ద సహ్యాద్రి అటువంటిది. అక్కడికి అరేబియా సముద్రం నూరు కిలోమీటర్ల లోపే ఉన్నా, తూర్పువాలున పడిన చినుకు 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. అనువాదకులకు ఇక్కడొక చిక్కున్నది. 'వాటర్‌షెడ్' అన్న మాటకు బ్రిటిషు వాడుకలో ఆ మిట్ట అని అర్థం. అమెరికను వాడుకలో మిట్టకు ఈవలనున్న నేల అంతా. మూలగ్రంథం ఎక్కడిదో చూడకుండా తెనిగిస్తే కొండ కాస్తా మైదానమవుతుంది. ఉపనదికీ పాయకూ గల భేదం ఇంతకంటె సులభం: వచ్చి కలిసేది ఉపనది, విడిపోయేది పాయ. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదటి జాతివి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ రెండవ జాతివి.

కొలతల విషయంలో మన పత్రికల అశ్రద్ధ మరీ ఎక్కువ. క్యూసెక్కు ప్రవాహానికి కొలత. ఒక సెకనులో ఒక చోటును దాటిపోయే ఘనపుటడుగుల లెక్క. టి.ఎం.సి. పరిమాణానికి కొలత; నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. జలాశయంలో ఇన్ని క్యూసెక్కుల నీరు నిలువ ఉన్నదనడం, ఒకని దినకూలిని అతని ఆస్తిగా చెప్పడం వంటిది. లక్ష క్యూసెక్కులు ఒక దినమంతా పారితే 8.64 టి.ఎం.సి. అవుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో పారినది. ఆ ఉధృతి ఒక దినం నిలిచినదనుకొంటే వచ్చే నీరు 302 టి.ఎం.సి. నాగార్జునసాగరపు నేటి నిల్వశక్తి 312. ఈ పోలిక తెలిసిన రచయిత ఆ వరదను వర్ణించడానికి వేరే విశేషణాలు వెదకనక్కరలేదు.

భూగర్భజలం అనగానే పాతాళాన ఒక గంగ పారుతున్నట్లు వ్రాయడం మన కథకులకు అలవాటు. సున్నపురాతి నేలలలో అది కొంత నిజమే. బెలుం గుహలలోని నీటిధారకు పాతాళగంగ అనే పేరున్నది. కాని దక్కను పీఠభూమిలో అధికభాగం నల్లరాయి, గ్రానైటు. ఇక్కడ నీరు పారే ఏరుగా కాక, శిథిలమైన రాతిపొరలోనూ, దాని క్రింది పగుళ్లలోనూ నిండి ఉంటుంది. ఒక లోతు దాటిన తరువాత ప్రతి సందూ నీటితో నిండి ఉంటుంది. ఆ నిండుదనం మొదలయ్యే చోటే భూగర్భ జలమట్టం. 'బావిలో జల పడింది' అన్న రైతు చెప్పినదీ దీనినే. నీటినిచ్చే ఆ పొరకు సంస్కృత సమాసాలు ఎన్నయినా కల్పించవచ్చు. 'నీటిపొర' అంటే చాలునని నా అభిప్రాయం. ఫ్రాన్సులోని ఆర్త్వా సీమ పేరు మీద వచ్చిన 'ఆర్టీషియన్ బావి' మాత్రం వేరు. నీరు చొరనీయని పొర క్రింద ఒత్తిడితో బంధింపబడిన నీరు, తవ్వగానే తనంతట తాను పైకి లేస్తుంది. నైవేలి బొగ్గుగనిలో ఇట్టి నీటిని నిరంతరం తోడితేగాని పని సాగదు. దీనిని 'ఉబుకుబావి' అనరాదా?

నదీజలం వేరు, భూజలం వేరు అన్నది కాగితాల మీది విభజన. వేసవిలో ఎండిన ఏటి ఇసుకను చేతితో తోడితే చెలమలో నీరూరుతుంది. అనంతపురం సీమలో పెన్న, చిత్రావతుల ఇసుకలో ఊటకాలువలు తవ్వి పైరులు పండించినవారికి ఇది తెలిసిన సంగతే. వానలు వెలిసిన తరువాత కూడా ఏరు పారుతున్నదంటే, గట్టు నేలలోని ఊట దానిలోకి దిగుతున్నదన్నమాట. ఈ ఊటకు ఆంగ్లంలో ఉన్న పేరును మక్కికి మక్కి మార్చి 'ఆధార ప్రవాహం' అనడం కంటె, 'ఊటపారుదల' అనడం మేలు.

ఇక సముద్రం. అల వేరు, పోటు వేరు. అల సాధారణంగా గాలి బిడ్డ; పోటు చంద్రసూర్యుల ఆకర్షణ ఫలం. 'స్ప్రింగ్ టైడ్'ను 'వసంతకాలపు పోటు' అని తెనిగిస్తే పొరపాటే. అక్కడి 'స్ప్రింగ్' ఎగసిపడడం. ఋతువుతో దానికి సంబంధం లేదు. అమావాస్య పోటు, పున్నమి పోటు అంటే తీరవాసికి వెంటనే తెలుస్తుంది.

ఉప్పెన అన్న పదాన్ని మాత్రం మరింత జాగ్రత్తగా కాపాడుకోవలె. తుపాను గాలి సముద్రాన్ని నేల మీదికి త్రోసుకువస్తే అది ఉప్పెన. 1864లో బందరును ముంచినదీ, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చినదీ అదే. 2004 డిసెంబరు 26న వచ్చినది సునామీ. సుమత్రా వద్ద సముద్రగర్భం కంపించడం దానికి కారణం. ఆనాడు గాలీ లేదు, మబ్బూ లేదు. ఉప్పెనకు ముందు ఆకాశం కొన్ని గంటలైనా హెచ్చరిస్తుంది. సునామీకి ఆ హెచ్చరిక ఉండదు. ఒక్కొక్కప్పుడు సముద్రం వెనుకకు తగ్గి అడుగు కనిపిస్తుంది. ఆ సమయాన ఒడ్డున నిలిచి వింత చూసేవానికి, తాను చదివిన కథలో ఈ రెంటికీ ఒకే పేరు ఉండి ఉంటే, పరుగెత్తవలెనని తోచదు.