తెర మీది తోట

తుర్కీ దేశమున 16వ శతాబ్దిలో ఇజ్నిక్ పలకలపై విరిసిన తులిప్ పూవులు నేడు కిటికీ తెరలపైకి దిగివచ్చినవి. అట్టి కథయే మనకును కలదు. పాలకీడు సీమకు దక్షిణముగా పారు కృష్ణ కడలిని చేరు ప్రాంతముననే మచిలీపట్టణము, పెడన ఉన్నవి. కుతుబ్‌షాహీల కాలమున ఇచ్చటి కలంకారీ బట్ట ఓడలెక్కి పారశీకమునకు పోయెడిది. కొనువారి అభిరుచి ననుసరించి మసీదు కమాను, జీవవృక్షము, తీగలల్లిన అంచులు మన అచ్చులలో చేరినవి. నేడవి దుప్పట్లకు, తెరలకు అలంకారములు.

ఈ పనికి ఓర్పు కావలెను. బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టెదరు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లముతో పులియబెట్టిన నీటితో నల్లని గీతలు అద్దెదరు. పటిక అద్దిన చోట్లనే ఎరుపు నిలుచును. పూర్వము ఆ ఎరుపు చిరివేరుది; తరువాత అలిజరిన్ వచ్చినది.

స్క్రీన్‌పై ఒత్తిన నకలు చౌక, త్వరగా తయారగును. దానితో పోటీపడలేక చేతి అచ్చు నలుగుచున్నది. కావున తెర కొనునపుడు ఒక్క క్షణము పరికింపుడు. అచ్చుకు అచ్చు కలియు చోట వెంట్రుకవాసి ఎడము కన్పించినచో దానిని లోపమనుకొనకుడు. అది పనివాని చేతి గురుతు.