పెరటి చెట్లకు చిప్పర్: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

చెట్టు కొట్టించిన సాయంత్రం పెరట్లో ఏం మిగులుతుందో ఒకసారి చూడండి. లావు కట్టెకు గిరాకీ ఉంటుంది కాబట్టి కొట్టినవాళ్లే బండికెత్తుకుపోతారు. ఎవరికీ అక్కర్లేని రెమ్మలు, ఆకులు, కొబ్బరి మట్టలు గోడ వారన గుట్టపడతాయి. చాలాచోట్ల ఆ గుట్టకు నిప్పు పెట్టేస్తారు. పచ్చాకు పొగ పక్కింట్లో ఉబ్బసంతో బాధపడే ముసలివాళ్ల గదిలోకే పోతుంది. పైగా చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో తగలబెట్టడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. అందుకే కొమ్మల్ని ముక్కలు చేసే చిన్న చిప్పర్ కొనాలన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే. అయితే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు చెట్టు వైపు కాక, కట్టె పోగా మిగిలిన ఆ గుట్ట వైపు చూడాలి.

అపోహ: ఎంత లావు కొమ్మ పడితే అంత మంచి యంత్రం

డబ్బా మీద 45 మిల్లీమీటర్లు అని ఉందంటే, పచ్చిగా, మెత్తగా, నిటారుగా ఉన్న కొమ్మకు అది ఆఖరి హద్దు. గంటల తరబడి అదే లావు పెడుతూ పోవచ్చని కాదు. కొమ్మ మందం రెట్టింపైతే కోత పడే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. హద్దుకు దగ్గరపడేకొద్దీ మోటారు మూలగడం అందుకే. చేవదేరిన చింత, వేప కొమ్మలైతే ఆ హద్దులో సగం దగ్గరే ఆగడం మేలు.

అసలు మణికట్టు లావు కట్టె ఎలాగూ పొయ్యికి పోతుంది. దాని కోసం పెద్ద యంత్రం ఎందుకు? లావు కంటే ముందు కొమ్మలు పెట్టే మూతి చూడండి. మామిడి రెమ్మ నిటారుగా పెరగదు, జానెడుకో పంగ వేస్తుంది. మూతి మరీ సన్నగా ఉంటే ప్రతి పంగనూ కత్తితో కొట్టి, సాపు చేసి పెట్టాలి. యంత్రం ఆదా చేస్తుందనుకున్న పొద్దంతా అక్కడే గడిచిపోతుంది. అలాగని ఆ మూతి గొట్టాన్ని విప్పేయడమో కోసేయడమో చేయకండి. బ్లేడుకు చెయ్యి అందకూడదనే దాన్ని అంత పొడవు పెట్టారు.

అపోహ: వాట్లు ఎక్కువుంటే చాలు, ఎక్కడ ప్లగ్గు పెట్టినా నడుస్తుంది

2,500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. కొమ్మ ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. టీవీకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో పెరటి చివరిదాకా లాగితే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. ఇండక్షన్ మోటారుకు వోల్టేజీ 230 నుంచి 190కి దిగితే తిప్పే బలం మూడో వంతు తగ్గిపోతుంది. వేసవిలో లో వోల్టేజీ ఉండే ఊళ్లలో వైండింగులు కాలిపోవడానికి ఇదొక కారణం. వైరు రాగిదై, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి.

వాట్ల పక్కన చిన్న అక్షరాల్లో 'ఎస్6 – 40%' అని ఉందేమో కూడా చూడండి. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే భారం మోయాలి, మిగతా ఆరు నిమిషాలు ఖాళీగా తిరగాలి అని దానర్థం. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పడం అరుదు.

అపోహ: కొబ్బరి మట్టకు ఏ యంత్రమైనా ఒకటే

ఈ అపోహతోనే మన దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. చిన్న యంత్రాల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు రకం. దాని చప్పుడు వీధంతా వినిపిస్తుంది. రెండోది నిమిషానికి 40 చుట్ల దగ్గర మెల్లగా తిరిగే పళ్ల రోలరు. అది కొమ్మను తనే లోపలికి లాక్కుని నలిపేస్తుంది, చప్పుడు తక్కువ. మామిడి, జామ రెమ్మలకు ఈ రోలరు చాలా బాగుంటుంది. కొబ్బరి దగ్గరకొచ్చేసరికి చతికిలపడుతుంది, పీచు తెగకుండా రోలరుకు చుట్టుకుపోతుంది. కొబ్బరికి పదునైన బ్లేడ్లతో పాటు సుత్తుల్లా కొట్టే హ్యామర్లు కూడా ఉన్న యంత్రం కావాలి.

కాపుకొచ్చిన చెట్టు నెలకు సుమారు ఒక మట్ట రాలుస్తుంది. ఇంటి ముందు రెండు చెట్లే ఉంటే ఈనెలు చీపుర్లకు తీసి, మట్ట మొదలు పొయ్యికి పెడితే సరిపోతుంది, యంత్రం అక్కర్లేదు. కోనసీమలోలా తోటే ఉంటే లెక్క మారుతుంది. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి ఆకును వానపాములతో ఎరువుగా మార్చే పద్ధతిని రూపొందించింది. ముక్కలు చేసిన ఆకు త్వరగా చివుకుతుంది కాబట్టి అలాంటి చోట యంత్రం పెట్టుబడికి అర్థముంది.

అపోహ: గడ్డి కోసే చాఫ్ కట్టర్ ఉండగా మళ్లీ ఇదెందుకు?

దాని బ్లేడ్లు జొన్న చొప్పకు, నేపియర్ గడ్డికి చేసినవి. వేలి లావు ఎండు కొమ్మకే అంచు విరిగి ఎగిరిపడగలదు. వద్దు.

అపోహ: ఎండనిచ్చి పెడితే సులువు

పచ్చిదే సులువుగా తెగుతుంది. ఎండేకొద్దీ కట్టె గట్టిపడి బ్లేడును త్వరగా మొండిచేస్తుంది. కొట్టిన రెండు మూడు రోజుల్లోనే పని ముగించండి. ముక్కలు నున్నగా తెగకుండా పీచులు పీచులుగా వస్తుంటే బ్లేడుకు సాన పట్టించే సమయం వచ్చినట్టే.

అపోహ: చెక్క ముక్కలు పాదులో వేస్తే నేల సారం లాగేస్తాయి

మట్టిలో కలిపి తవ్వితే కొంతకాలం నత్రజని కొరత నిజమే. పైన పరిస్తే ఆ బాధ చాలావరకు ఉండదు, తేమ నిలుస్తుంది. మూడంగుళాల మందం చాలు. కాండానికి, ఇంటి గోడకు తగలకుండా ఎడంగా వేస్తే కుళ్లు, చెదల భయం తగ్గుతుంది. గన్నేరు కొమ్మలు మాత్రం ఇందులో కలపకండి. ఎండినా విషం పోదు, పశువులు నోరు పెడితే ప్రమాదం.

ఇక భద్రత. చీర కొంగు, చున్నీ, భుజం మీది తువ్వాలు, వదులు చేతి తొడుగులు... వీటిలో ఏది కొమ్మకు చిక్కుకున్నా మనిషిని లోపలికి లాగుతుంది. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఇరుక్కున్నదాన్ని తీయాలంటే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గు పీకి, బ్లేడు పూర్తిగా ఆగాకే మూత తెరవాలి. తోయడానికి కర్ర వాడండి, చేయి ఎప్పుడూ వద్దు.

ఏడాదికోసారి కొమ్మలు కొట్టించే ఇల్లైతే యంత్రాన్ని ఒకపూట అద్దెకు తెచ్చుకోవడమో, వీధిలో నలుగురు కలిసి కొనడమో నయం. కొనడమే ఖాయమైతే మీ చెట్టు కొమ్మలు రెండు, ఒక మట్ట దుకాణానికి పట్టుకెళ్లి, మీ ముందే పెట్టి చూపించమనండి. విడి బ్లేడ్ల జత కూడా అప్పుడే కొనండి. ఒక్కో మోడల్‌కు బోల్టు రంధ్రాలు ఒక్కోలా ఉంటాయి, ఒకదాని బ్లేడు ఇంకొకదానికి పట్టదు.