లక్క పలకల మీద మన పెద్దల గొంతులు

పోయిన శీతాకాలం మన సంఘంలోని ఒక పెద్దాయన స్వర్గస్థులయ్యారు. ఆయన ఇంటి బేస్‌మెంటులో గ్రామఫోను రికార్డుల పెట్టె ఒకటి వుండేది. "డాక్టరుగారూ, ఒక ఆదివారం తీరిక చేసుకొని రండి, విందాం" అని మమ్మల్ని మూడుసార్లు పిలిచారు. మొదటిసారి ఆసుపత్రి డ్యూటీ, రెండోసారి మంచు తుఫాను. మూడోసారి చెప్పుకోవడానికి సాకు కూడా లేదు, బద్ధకమే. ఆయన పోయాక పరామర్శకు వెళ్ళి పెట్టె సంగతి అడిగితే, మనవడు నొచ్చుకుంటూ "లేబుళ్ళ మీది తెలుగు మాకెవరికీ చదవడం రాదండీ. పాత సామానుతో పాటు ఇచ్చేశాం" అన్నాడు. ఆ కుర్రవాణ్ణి ఏమనగలం? పిలిచినప్పుడు వెళ్ళని తప్పు మాది. ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మనం వచ్చి స్థిరపడ్డ ఈ దేశానికీ గ్రామఫోనుకూ దగ్గర చుట్టరికం వుంది. బల్లపరుపు రికార్డును, దాన్ని పాడించే గ్రామఫోనును 1887లో కనిపెట్టిన ఎమిలీ బెర్లినర్ జర్మనీలోని హానోవర్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనిషి. అమెరికాలో వ్యాపార తగాదాలు ముదిరాక ఆయన మాంట్రియల్ చేరి, 1900 నాటికి ఇక్కడ రికార్డుల తయారీ మొదలుపెట్టించాడు. ఆయన కుమారులు దాన్ని నడిపారు. బాకా ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ మన ఇళ్ళలో అందరికీ గుర్తే. అది కెనడాలో ఆయన పేరనే నమోదయింది. మాంట్రియల్ సెయింట్ ఆంరీ పేటలోని ఆ పాత ఫ్యాక్టరీ భవనాల్లో 1990లలో బెర్లినర్ పేర ఒక మ్యూజియం కూడా వెలసింది.

ఆ పలక దేనితో చేశారనుకున్నారు? లక్కతో! ఏటికొప్పాక బొమ్మలకు మెరుపు తెచ్చే లక్కే ఇది. రాతిపొడి, మసి, దూది నూగు కలిపి, ఆ ముద్దను అచ్చులో వత్తేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. కాబట్టి మనకన్నా ముందే మన చెట్ల మీది లక్క సముద్రాలు దాటిందన్నమాట.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తా వచ్చి, ఒక హోటలు గదిలో గౌహర్ జాన్ పాట పట్టుకున్నాడు. ఆమె పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పింది. అచ్చు వేయవలసింది హానోవర్‌లో కదా, అక్కడి వారికి ఎవరి పాటో తెలియాలి. 1908 నాటికి కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. కంపెనీల వారు మద్రాసుకూ దిగారు. బెంగుళూరు నాగరత్నమ్మగారి వంటి విదుషీమణులు బాకా ముందు నిలబడి పాడారు. 1925లో విద్యుత్ మైకు వచ్చేదాకా ఆ బాకాలోకి గొంతెత్తి పాడవలసిందే. చిన్న గమకం పడితే పడినట్టు, లేకపోతే లేదు.

అయితే తెలుగువాడు గ్రామఫోనును నిజంగా ఇంటివాణ్ణి చేసుకున్నది నాటక పద్యంతోనే అని మా నమ్మకం. స్టేజీ మీద ఒక పద్యాన్ని రాగం తీసి ఎంతసేపైనా సాగదీయవచ్చు. జనం "వన్స్‌మోర్" అంటే మళ్ళీ పాడవచ్చు. పది అంగుళాల పలకకు ఆ ఓపిక లేదు. నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ మూడు నిమిషాల పైచిలుకు పాడి ఆగిపోతుంది. మహానటులు తమ విద్యనంతా ఆ కొలతకు కుదించుకున్నారు. కపిలవాయి రామనాథశాస్త్రిగారు 1935లోనే కన్నుమూశారు. ఆయనను స్టేజీ మీద చూసిన వారెవరూ ఇప్పుడు లేరు, కానీ గొంతు వుంది. శ్రీకృష్ణ తులాభారంలో స్థానం నరసింహారావుగారి సత్యభామ పాట కూడా అలాగే నిలిచింది. మా తాతగారు తెనాలిలో ఆ రికార్డు పెట్టినప్పుడల్లా, పాట కాగానే ఎవరో ఒకరు "వన్స్‌మోర్" అనేవారట. తాతగారు ముల్లు ఎత్తి మళ్ళీ మొదట పెట్టేవారట!

తరువాతి కథ మనకు తెలిసిందే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవిగార్ల లలితగీతాలు ఇంటింటా మోగాయి. శంకరంబాడి సుందరాచారిగారు రాసిన తెలుగుతల్లి గీతం టంగుటూరి సూర్యకుమారిగారి గొంతుతోనే ఊరూరా పాకింది, తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమయింది. ఘంటసాలగారు 1971లో అమెరికా వచ్చి కచేరీలు చేశారు. 1974లో ఆయన పోయాక వెలువడిన భగవద్గీత రికార్డు ఎన్నో ఇళ్ళలో పూజగదికి చేరింది. అప్పటికి లక్క పలకలకు కాలం చెల్లింది, ప్లాస్టిక్ ఎల్పీలు వచ్చేశాయి.

గుంటూరులో ఎం.బి.బి.ఎస్. ముగించి ఈ దేశం వచ్చేటప్పుడు మా తాతగారి రికార్డులు అయిదింటిని చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్నాము. నాలుగు క్షేమంగా దిగాయి. ఒకటి మాత్రం మూడు ముక్కలయింది. అది ఆ సత్యభామ పాటే. ముక్కలను ఇప్పటికీ పారవేయలేదు.

పాత పాటలన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి కదా, ఈ చాదస్తం ఎందుకని అడగవచ్చు. కొన్ని దొరుకుతున్నాయి, అదీ ఎవరో ఒకరు తమ అటక మీది పలకను ఓపికగా ఎక్కించబట్టే. పైగా పలక పాట చెబుతుంది కానీ, దాన్ని ఎవరు ఏ ఊళ్ళో కొన్నారో, ఎవరి పెళ్ళిలో మోగిందో చెప్పదు. ఆ సంగతి చెప్పవలసింది ఇంటి పెద్దలు. ఆ రెండూ ఒకచోట చేరితేనే మన పిల్లలకు అది తమ వస్తువుగా కనిపిస్తుంది.

రికార్డులున్న వారికి వైద్యుడి సలహాలు నాలుగు. పలకలను ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా పెట్టండి. ఫర్నేసుకు దూరంగా వుంచండి. తోటి డాక్టర్లు మరీ జాగ్రత్త: అలవాటు కొద్దీ స్పిరిట్ దూదితో తుడిచేరు, లక్క కరిగిపోతుంది! ఎల్పీ ముల్లుతో 78 రికార్డు పెట్టకండి, దాని గాడి వెడల్పు వేరు.

వచ్చే ఉగాది సమావేశానికి 78 రికార్డులు పాడే యంత్రం మేము తెస్తాము. మీ అటక మీద, బేస్‌మెంటులో వున్నవి మీరు తీసుకురండి. పాట ఎక్కించే పని మాది. లేబులు చదివి, దాని కథ చెప్పే పని మీది. రాలేని పెద్దలు కబురు చేస్తే మేమే వస్తాము. ఈసారి మూడుసార్లు పిలవనక్కరలేదు.