ఫెంటనిల్ చట్టం: ఏం మారింది, ఏం మారలేదు

2025 జూలై 16న అమెరికాలో 'హాల్ట్ ఫెంటనిల్' చట్టం మీద అధ్యక్షుని సంతకం పడింది. వార్తల్లో ఒకరోజు కనిపించి మరుగునపడిన ఈ చట్టం గురించి మన సంఘాలు తెలుసుకోవలసినది చాలా ఉంది. మన పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఇక్కడ హైదరాబాద్ చుట్టూ రసాయన కర్మాగారాలున్నాయి. ఇక మన సంఘాలలో క్యాన్సర్ నొప్పితో మంచం పట్టినవారి సంగతి సరేసరి. ఈ మూడింటికీ ఆ చట్టంతో గాని, దాని వంటి చట్టాలతో గాని సంబంధం ఉంది.

ముందుగా పదార్థం సంగతి. నల్లమందుకు గసగసాల చేను కావాలి, వాన కావాలి, కాయ గీసి పాలు తీసే కూలీలు కావాలి. ఫెంటనిల్‌కు ఇవేవీ అక్కరలేదు. ఒక గది, కొన్ని రసాయనాలు, వాటిని కలపడం తెలిసిన మనిషి ఉంటే చాలు. బెల్జియం దేశస్థుడైన పాల్ జాన్సెన్ దీనిని 1960 ప్రాంతంలో తయారు చేశాడు. ఆయన తయారు చేసింది మందునే. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చే డాక్టర్లు దీనిని ఈనాటికీ వాడుతున్నారు. క్యాన్సర్ రోగుల చర్మం మీద అంటించే పట్టీలలోనూ ఇదే ఉంటుంది. అయితే మార్ఫిన్ కంటే ఇది సుమారు 100 రెట్లు బలమైనది. అలవాటు లేని మనిషికి 2 మిల్లీగ్రాములే ప్రాణాంతకం కావచ్చు. అంటే వేలి కొనకు అంటుకున్న కొన్ని ఉప్పు రవ్వలంత. మోతాదు మించితే మెదడు ఊపిరి తీయమని ఆజ్ఞ ఇవ్వడం మానేస్తుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, కానీ ఊపిరి ఆగిపోతూ ఉంటుంది.

చనిపోయినవారందరూ ఫెంటనిల్ కోరి తీసుకున్నవారు కారు. దొంగ మాత్రలు అచ్చం మందుల షాపులో దొరికే మాత్రల్లాగే ఉంటాయి, అదే రంగు, అదే ముద్ర. పరీక్షలకు రాత్రంతా మేలుకోవాలనో, దిగులు తగ్గాలనో, వెన్నునొప్పికనో సోషల్ మీడియాలో పరిచయమైనవాడి దగ్గర ఒక మాత్ర కొన్న విద్యార్థి ఆ ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు. అందుకే "మావాడికి ఆ అలవాటు లేదు" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక చట్టం. అమెరికాలో 1970 నాటి చట్టం మత్తుపదార్థాలను 5 షెడ్యూళ్లుగా విభజించింది. వైద్యానికి పనికిరానివీ, దుర్వినియోగానికి ఎక్కువ అవకాశం ఉన్నవీ మొదటి షెడ్యూలులో ఉంటాయి. ఫెంటనిల్ మందు కనుక రెండవదానిలో ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ జాబితాలో పదార్థాల పేర్లు ఒక్కొక్కటిగా రాసి ఉంటాయి. తాళంచెవి పళ్లలో ఒకదాన్ని కొంచెం అరగదీసినా తాళం తెరుచుకుంటుంది కదా, అలాగే ఫెంటనిల్ అణువులో ఒక మూల చిన్న మార్పు చేస్తే శరీరంలో పని అదే జరుగుతుంది, పేరు మాత్రం జాబితాలో ఉండదు. ప్రభుత్వం ఒకదాన్ని నిషేధించేలోపు మరొకటి బజారులోకి వచ్చేది. 1986లో తెచ్చిన 'పోలిన పదార్థాల' చట్టం ఉన్నా, అది నిషేధిత పదార్థాన్ని గణనీయంగా పోలి ఉందని ప్రతి కేసులోనూ కోర్టులో నిరూపించాలి. ఇరుపక్షాల రసాయన నిపుణులు చెరొక మాట చెప్పేవారు.

అందుచేత 2018 ఫిబ్రవరిలో అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ మరో దారి పట్టింది. ఫెంటనిల్ అణువులో ఏ 5 రకాల మార్పులు చేస్తే కొత్త పదార్థాలు పుడతాయో వర్ణించి, ఆ వర్ణనలోకి వచ్చే పదార్థాలన్నిటినీ, ఇంకా పుట్టనివాటిని సైతం, ఒక్క ఉత్తర్వుతో మొదటి షెడ్యూలులో పెట్టింది. అది తాత్కాలికం. కాంగ్రెస్ దానిని పదే పదే పొడిగిస్తూ వచ్చింది. 2025 చట్టం దానినే శాశ్వతం చేసింది. సెనేట్‌లో 84 మంది అనుకూలంగా, 16 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ దేశంలో రెండు పార్టీలు ఈ మాత్రం కలవడం ఈ రోజుల్లో అరుదే.

శిక్షల సంగతి కూడా అందులో ఉంది. ఈ కోవకు చెందిన పదార్థం కలిసిన మిశ్రమం 10 గ్రాములు ఉంటే కనీసం 5 ఏళ్లు, 100 గ్రాములు ఉంటే కనీసం 10 ఏళ్లు జైలు. తూచేది విషాన్ని కాదు, మిశ్రమాన్నంతటినీ. దాంట్లో పిండి ఎంత, మందు ఎంత అన్న లెక్క లేదు. పౌరహక్కుల సంస్థలు అభ్యంతరం చెప్పింది ఇక్కడే. కనీస శిక్ష ముందే ఖరారైతే, ముఠా నాయకుడికీ అప్పు తీర్చుకోవడానికి పొట్లం మోసిన కుర్రవాడికీ మధ్య తేడా చూసే అవకాశం జడ్జికి తగ్గిపోతుంది. ఆ మాటలో న్యాయం ఉందని మేము అనుకుంటున్నాము. అయినా వర్గం మొత్తాన్ని నిషేధించడం తప్పు కాదు. పేరు మార్చి అమ్ముకునే దారిని మూయవలసిందే. శాస్త్రవేత్తలు మరో సంగతి లేవనెత్తారు. వర్ణనలోకి వచ్చే పదార్థాలలో హాని చేయనివీ, రేపు విరుగుడుగా పనికివచ్చేవీ ఉండవచ్చు. అందుకే పరిశోధకులకు అనుమతులు సులువు చేసే నిబంధనలు చట్టంలో చేర్చారు. అది మంచి పని.

మరి మరణాలు తగ్గాయా? తగ్గాయి, కానీ ఈ చట్టానికి ముందే. అమెరికాలో మత్తుమందుల మోతాదు మించి 2022లో సుమారు 1,08,000 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఫెంటనిల్ వంటి కృత్రిమ పదార్థాల వల్లే. 2024లో ఆ మొత్తం సంఖ్య 80,000 దగ్గరకు వచ్చింది. కారణాలు అనేకం. వాటిలో ఒకటిగా నిపుణులు చెప్పేది నాలోక్సోన్ అనే విరుగుడు మందు. 2023 మార్చి నుంచి దాని ముక్కు స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అక్కడ అనుమతి ఉంది.

చట్టానికి అందని చోటు కూడా ఉంది. నిటాజీన్లు అనే మరో కుటుంబం ఇప్పుడు బజారులోకి వచ్చింది. 1950ల చివర స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి వీటిని నొప్పి మందులుగా తయారు చేసి పక్కన పెట్టింది. వీటిలో కొన్ని ఫెంటనిల్‌ను మించినవి. వీటి అణువుల నిర్మాణమే వేరు కనుక ఫెంటనిల్ వర్ణనలోకి రావు. బ్రిటన్ 2025 జనవరిలో వీటిని కుటుంబంగా నిషేధించింది. అమెరికాలో పాత పద్ధతిలోనే ఒక్కొక్కదాని పేరు చేర్చుకుంటూ వస్తున్నారు.

మన వైపు చూద్దాం. 2025 మార్చిలో అమెరికా న్యాయశాఖ హైదరాబాద్‌కు చెందిన ఒక రసాయన కంపెనీ మీద, ఫెంటనిల్ తయారీకి వాడే ముడిసరుకు అమ్మిందని అభియోగాలు మోపింది. మందుల పరిశ్రమ మన నగరానికి గర్వకారణం; ఎందరో విశ్వాసులు వాటిలో పనిచేస్తున్నారు. ఒక డ్రమ్ము మీద ఏ పేరు రాసి ఎక్కడికి పంపుతున్నారో తెలిసిన ఉద్యోగి నోరు విప్పగలిగే పరిస్థితి ఉండాలి. మన దేశం 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చింది. టపెంటడాల్‌ను మరో మందుతో కలిపి పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్న సంగతి బయటపడ్డాక 2025లో ఆ ఎగుమతి అనుమతులను వెనక్కి తీసుకుంది.

అయితే కట్టడి అతి అయితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1985 చట్టం తర్వాత లైసెన్సుల మీద లైసెన్సులు అడగడంతో ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడమే మానుకున్నాయి. దొంగ వ్యాపారి ఆగలేదు, క్యాన్సర్ రోగి మాత్రం మూలుగుతూ మిగిలాడు. కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో సవరణ వచ్చింది. మార్ఫిన్, ఫెంటనిల్ సహా 6 మందులను అత్యవసర మందులుగా గుర్తించి అనుమతులను సరళం చేశారు. కాబట్టి మీ ఇంట్లో నొప్పితో ఉన్నవారికి డాక్టరు ఫెంటనిల్ పట్టీ రాస్తే ఆ పేరు విని భయపడి మానిపించకండి. వాడిన పట్టీలోనూ మందు మిగిలి ఉంటుంది. పిల్లల చేతికి అందకుండా, ఎలా పారవేయాలో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి.

అమెరికాలోని మన సంఘాలకు మరొక మాట. మోతాదు మించిన మనిషి కోసం 911కు ఫోన్ చేసినవారిని మత్తుపదార్థం దగ్గర ఉందన్న కేసు నుంచి కాపాడే చట్టాలు అక్కడ చాలా రాష్ట్రాలలో ఉన్నాయి. మొట్టమొదట 2007లో న్యూమెక్సికో తెచ్చింది. వాటిని అక్కడివారు 'మంచి సమరయుని చట్టాలు' అని పిలుస్తారు. ఆ పేరు ఎక్కడిదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. కానీ అవి రాష్ట్ర చట్టాలు, వీసా వ్యవహారాలు వాటి పరిధిలోకి రావు. అందుకే విద్యార్థులు భయపడతారు, గది తలుపు వేసుకుని "కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది" అనుకుంటారు. ఆ కాసేపులోనే ప్రాణం పోతుంది. పోయాక "గుండెపోటు" అని స్వస్థలానికి కబురు పంపితే, పక్క గది కుర్రవాడికి హెచ్చరిక అందదు. యౌవనస్థుల కూడికలో ఈ విషయం పేరు పెట్టి మాట్లాడమని కాపరులను కోరుతున్నాము.

గుర్తులు ఇవి: పిలిచినా కుదిపినా లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదవులు నీలి రంగుకు తిరగడం, కంటిపాప సూదిమొనంత కావడం. వెంటనే 911కు ఫోన్ చేయాలి, నాలోక్సోన్ ఒక ముక్కురంధ్రంలో కొట్టాలి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రెండు మూడు నిమిషాలలో తెలివి రాకపోతే రెండవ మోతాదు ఇవ్వాలి. లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకూడదు, ఎందుకంటే విరుగుడు బలం తగ్గాక విషం మళ్లీ పైచేయి కావచ్చు. కారణం ఫెంటనిల్ కాకపోయినా ఈ స్ప్రే వల్ల హాని ఉండదు. ఆరాధన హాలులో ప్రథమ చికిత్స పెట్టె ఉన్న సంఘం దీనిని కూడా అందులో పెట్టుకోవచ్చు. గడువు తేదీ మాత్రం చూసుకోవాలి.