చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదు గాని...

చేపపిల్లకు ఈత నేర్పాలా అని మన పెద్దలు ఏనాడో అన్నారు. నిజమే, నేర్పనక్కరలేదు. కాని గాజుతొట్టిలో పుట్టిన చేపపిల్లను నెల్లాళ్ళపాటు బతికించడానికి కొంత నేర్పు కావాలి. ఆ నేర్పు చేపపిల్లకు కాదు, మనకు!

చేప చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను తమ సంతానాన్ని పోషించుకుంటాయని మన సాహిత్యంలో ఒక ప్రసిద్ధి ఉంది. మీనాక్షి అన్న పేరుకు ఈ అర్థమే చెప్పేవారున్నారు. ఏటేటా తరగతిలో నేనూ చెబుతూనే ఉన్నాను. అయితే మా అమ్మాయి ముచ్చటపడి గప్పీ చేపలను తెచ్చుకున్న తరువాత, ఆ చూపు సంగతి దగ్గరగా గమనించే అవకాశం నాకు కలిగింది. గప్పీతల్లి తన పిల్లలవైపు చూస్తుంది, సందేహం లేదు, చూసి, మింగేస్తుంది!

అన్ని చేపలూ ఇంతే అనుకోకండి. మొజాంబిక్ తిలాపియా తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకొని కాపాడుతుంది. సముద్రపు గుర్రమనే చేపలోనైతే ఆ భారం తండ్రిదే; పొట్టకున్న సంచిలో మోస్తాడు. గప్పీకి మాత్రం కదిలే చిన్న ప్రాణి ఏదైనా ఆహారంగానే తోస్తుంది. అది దాని స్వభావం. కసాయితల్లి అని తిట్టి లాభం లేదు.

ఈ గప్పీ పుట్టిల్లు దక్షిణ అమెరికా ఈశాన్య భాగమూ, ఆ పక్కనున్న ట్రినిడాడ్ దీవీను. 1859లో పీటర్స్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి మొదట శాస్త్రీయంగా పేరు పెట్టాడు. తరువాత ట్రినిడాడ్‌లో ఉండే రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ అనే ఆయన కొన్ని చేపలను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపించగా, 1866లో గుంథర్ అనే పండితుడు వాటికి ఆయన పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు గనుక శాస్త్రంలో ఈ రెండో పేరు నిలవలేదు. జనం నోట మాత్రం అదే నిలిచిపోయింది. దోమపిల్లలను తింటుందని ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో దీనిని మన దేశానికీ తెచ్చారు.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. చూలు సుమారు నాలుగు వారాలు. రోజులు దగ్గరపడే కొద్దీ పొట్ట ఉబ్బి, దాని వెనుకభాగాన ఉండే మచ్చ నల్లబడుతుంది. కానుపుకు ఇరవై మొదలు యాభై దాకా పిల్లలు పుడతాయి. ఒక్కొక్కప్పుడు వంద దాటినా ఆశ్చర్యం లేదు. పుట్టిన పిల్ల అర సెంటీమీటరుకు కొంచెం పైన ఉంటుంది. రెండు కళ్ళూ ఒక తోకా తప్ప మరేమీ కనబడదు!

భాగవతంలో సత్యవ్రతుని దోసిలిలోకి వచ్చిన చేపపిల్ల ఏమని వేడుకుంది? తనను తిరిగి ఏటిలో వదలవద్దు, పెద్ద చేపలు మింగేస్తాయి అనే గదా! రాజు దానిని కమండలంలో వేసి కాపాడాడు. మనం చేయవలసిన మొదటి పనీ అదే. కానుపుకు కొద్దిరోజుల ముందుగా తల్లిని వేరే చిన్న తొట్టిలోకి మార్చి, అందులో నీటిమొక్కలు ఒత్తుగా వేయాలి. పిల్లలు ఆ ఆకుల సందున దాక్కుంటాయి. కానుపు కాగానే తల్లిని తీసి పాత తొట్టిలో వేయాలి.

ఇక తిండి. గట్టిగా ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను ఆవగింజంత తీసుకొని, పలచని గుడ్డలో కట్టి, గ్లాసుడు నీళ్ళలో పిండి, ఆ నీటిని కొన్ని చుక్కలు వేయవచ్చు. గుడ్డు గడప దాటి రాని ఇళ్ళవారు అంగడిలో దొరికే చేపల మేతనే మెత్తగా నలిపి వేసినా సరిపోతుంది. ఓపిక ఉంటే ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో గాలి ఆడేలా ఉంచితే, ఒకటి రెండు రోజులలో సన్నని పురుగులు బయటికి వస్తాయి. వడగట్టి మంచినీటితో కడిగి వేస్తే పిల్లలకు అంతకు మించిన విందు లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ కొద్ది నిమిషాలలో తినగలిగినంతే వేయాలి.

ఇక్కడే ఉంది చిక్కు. మా పక్కవాటాలో ఉండే పెద్దమనిషి దయాళువు. మా అమ్మాయి ఇచ్చిన పది పిల్లలకు ఆఫీసుకు వెళ్ళేముందు చెంచాడు మేత వేసి వెళ్ళారు. మూడోనాటికి ఒక్కటీ మిగలలేదు.

"ఆకలితో చచ్చిపోయాయేమోనండీ!" అన్నారు దిగులుగా.

"లేదు బాబాయిగారూ, కడుపు నిండా పెట్టబట్టే పోయాయి" అంది మా అమ్మాయి.

అది చెప్పిందే నిజం. మిగిలిన మేత కుళ్ళినా, చేపలు విసర్జించినా నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది కంటికి కనబడదు. నీరు అద్దంలా ఉన్నా విషమే. దీనిని విరిచే సూక్ష్మజీవులు ఉన్నాయి గాని, కొత్త తొట్టిలో అవి స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుచేత పాత తొట్టిలో నడుస్తున్న స్పాంజి ఫిల్టరును పిల్లల తొట్టిలోకి మార్చడం మేలు. మిగిలిన మేతను సన్నని గొట్టంతో లాగివేసి, రెండు మూడు రోజులకొకసారి నాలుగోవంతు నీరు మార్చాలి. కుళాయినీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక దానిని విరిచే మందు చుక్కలు కలిపి మరీ పోయాలి.

నాలుగు వారాలు దాటేసరికి మగపిల్లల పొట్టకింది రెక్క సన్నగా పుల్లలా మారుతుంది. అప్పుడే ఆడ, మగ వేరుచేయాలి. ఉపేక్షిస్తే మరి రెండు నెలలకే ఇల్లంతా చేపలే! ఆడచేప ఒకసారి మగచేపతో కలిస్తే ఆ బీజాన్ని దాచుకొని నెలల తరబడి కానుపులు కనగలదు.

ఎక్కువైన చేపలను ఏ చెరువులోనో కాలువలోనో వదిలి పుణ్యం కట్టుకుందామని కొందరికి తోస్తుంది. అది పుణ్యం కాదు. పరదేశపు ఈ చేపలు అక్కడ వేగంగా పెరిగి, మన చిన్న చేపల తిండికీ గుడ్లకూ ఎసరు పెడతాయి. సత్యవ్రతుడు తన చేపను చివరికి సముద్రంలో వదిలాడంటే అది అవతారపురుషుడు! మన గప్పీలకు తగినది మరొక గాజుతొట్టే. అడిగినవారికి ఇవ్వండి, మేత ఎంత వేయాలో మాత్రం ముందుగా చెప్పి ఇవ్వండి.