ఉష్ణకవచం

అగ్నికి అమరకోశం చెప్పిన పర్యాయపదాలలో ‘వాయుసఖుడు’ అన్నది ఒకటి. గాలిని చెలికాడుగా గలవాడని దాని అర్థం. పొయ్యి ఊదే ఇల్లాలు మొదలుకొని కొలిమితిత్తి లాగే కమ్మరి వరకు ఈ స్నేహం విలువ తెలియనివారు లేరు. మోటారుకారు యంత్రం నడిచేది కూడా ఈ స్నేహం మీదనే. అయితే అక్కడ ఈ మిత్రులిద్దరూ కలుసుకోవలసిన చోటు ఒక్కటే, సమయమూ ఒక్కటే. సిలిండరు లోపల, తగిన క్షణాన కలిస్తే కారు కదులుతుంది. అంతకు ముందే, దారిలోనే, నిప్పు సెగ గాలికి తగిలితే యంత్రం బలం తగ్గుతుంది. ఒక్కొక్కప్పుడు యంత్రమే దెబ్బతింటుంది. ముహూర్తం వచ్చేవరకు పెళ్ళిపీటల మీద వధూవరుల నడుమ అడ్డుతెర పట్టినట్లు, ఈ రెంటి నడుమ కూడా ఒక తెర పట్టవలసి వస్తుంది. పలుచని లోహపు రేకుతో చేసిన ఆ తెరకే ఉష్ణకవచమని పేరు. కొద్దిపాటి పనిముట్లతో ఇంటివద్దనే దీనిని చేసుకోవచ్చు. అయితే రేకును కత్తిరించే నేర్పు కన్న, వేడి ఏ దారిన ప్రయాణిస్తుందో తెలుసుకొనే నేర్పు ఇక్కడ ముఖ్యం.

ఇంధనం దహనం కావడానికి గాలి కావాలి. ఎంత ఎక్కువ గాలి సిలిండరులో చేరితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. అంత ఎక్కువ శక్తి పుడుతుంది. మామూలు యంత్రం గాలిని తనంతట తానే పీల్చుకొంటుంది. టర్బో అమర్చిన యంత్రంలోకి గాలిని అదిమి పంపుతారు. యంత్రం నుండి వెలువడే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, యంత్రంలోకి తోస్తుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. వృథాగా పోయే పొగలోని శక్తిని ఇలా పనికి పెట్టవచ్చునని స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ ఆలోచించి 1905లో పేటెంటు పొందాడు. నేడు మన రహదారుల మీద తిరిగే డీజిల్ లారీలలో టర్బో సర్వసాధారణం.

ఈ ఉపాయంలోనే ఒక చిక్కు కూడా ఉన్నది. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరూ గమనించినదే. అదిమిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలిని వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లు అదిమితే, టర్బోలో జరిగే నష్టాలను కూడా కలుపుకొని, అది 80 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. పెట్రోలు కార్లలో మొదటిసారిగా టర్బోను అమర్చి అమ్మిన కంపెనీలకు ఈ చిక్కు వెంటనే అనుభవానికి వచ్చింది. అమెరికాలో 1962లో విడుదలైన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారులో లోపలికి పోయే గాలిని చల్లబరచడానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని అందులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం అయిపోయినప్పుడల్లా మళ్ళీ నింపవలసిన బాధ్యత యజమానులదే. పెట్రోలు పోయించుకోవడం మరువని మనిషి కూడా ఇటువంటివి మరచిపోతాడు. ఆ కారు 1963తో ఆగిపోయింది.

ఉష్ణకవచం అవసరాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి ఉన్నది. అది కూడా అమెరికాదే. క్రైస్లర్ సంస్థ 1984లో డాడ్జ్ డేటోనా అనే కారును 2.2 లీటర్ల టర్బో యంత్రంతో విడుదల చేసింది. యంత్రం బానెట్ కింద అడ్డంగా అమరి ఉంటుంది. గాలిని నాలుగు సిలిండర్లకు పంచిపెట్టే గొట్టాల అమరికను ఇన్‌టేక్ మానిఫోల్డ్ అని, నాలుగు సిలిండర్ల పొగను ఒక్కచోటికి చేర్చే అమరికను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అని అంటారు. అనేక యంత్రాలలో ఇవి చెరొక పక్కన ఉంటాయి. ఈ యంత్రంలో మాత్రం రెండూ ఒకే పక్కన, అదీ వెనుకవైపున, ప్రయాణికుల గదికి అడ్డుగా ఉండే లోహపు గోడకు ఎదురుగా ఉన్నాయి. పైన అల్యూమినియంతో పోతపోసిన ఇన్‌టేక్ మానిఫోల్డ్. దాని కింద పోత ఇనుముతో చేసిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దానికి వేలాడుతూ టర్బో. కారు వేగంగా పోతున్నప్పుడు కూడా ఎదురుగాలి ఆ మూలకు బాగా చేరదు. పొయ్యి మీద పాలగిన్నె పెట్టి, పాలు కాగకూడదని కోరుకొన్నట్లుగా ఉన్నది ఈ అమరిక! కర్ణునికి కవచం పుట్టుకతోనే వచ్చింది. అటువంటి భాగ్యం లేని ఈ యంత్రానికి రేకు కవచాన్ని తొడిగే పని యజమానుల మీద పడింది.

వేడిగాలి వలన కలిగే నష్టం రెండు విధాలు. మొదటిది లెక్కకు అందేది. పీడనం మారకుండా ఉంటే గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. గాలి 30 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడెక్కితే, అదే పరిమాణంలో పట్టే గాలి సుమారు నూటికి తొమ్మిది వంతులు తగ్గిపోతుంది. అంటే టర్బో కష్టపడి అదిమిన దానిలో కొంత భాగం వ్యర్థమైనట్లే. రెండవది ఇంతకంటె ప్రమాదకరమైనది. నిప్పురవ్వ నుండి బయలుదేరిన మంట సిలిండరు నలుమూలలకూ క్రమంగా వ్యాపించాలి. లోపలికి వచ్చిన గాలి మరీ వేడిగా ఉంటే, మంట చేరకముందే చివరన మిగిలిన ఇంధన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అప్పుడు లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు వినిపిస్తుంది. మెకానిక్కులు దీనినే నాకింగ్ అంటారు. అది అదే పనిగా సాగితే పిస్టన్లు పగులుతాయి, వాటికి తూట్లు పడతాయి. డేటోనాలో ఈ చప్పుడును పసిగట్టే సెన్సరు ఒకటి ఉండేది. అది హెచ్చరించగానే కంప్యూటరు నిప్పురవ్వ పుట్టే సమయాన్ని వెనక్కు జరుపుతుంది. యంత్రం దక్కుతుంది, కాని బలం తగ్గుతుంది. చల్లని ఉదయం చలాకీగా పరుగెత్తిన కారు, మధ్యాహ్నపు ఎండలో ట్రాఫిక్కులో చిక్కి బయటపడిన తరువాత మందకొడిగా తోచడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

ఇక కవచం సంగతి. వేడి మూడు మార్గాలలో ప్రసరిస్తుంది: ఒకదానినొకటి తాకి ఉన్న వస్తువుల ద్వారా సాగేది వహనం, గాలి, నీరు వంటివి కదులుతూ మోసుకొనిపోయేది సంవహనం, ఏ వస్తువు తోడూ లేకుండా కిరణాల రూపంలో దూసుకొని వచ్చేది వికిరణం. చలిమంట దగ్గర కూర్చున్నవాని ముఖం చురుక్కుమంటుంది. వీపు చల్లగానే ఉంటుంది. ముఖానికి ఒక విసనకర్ర అడ్డం పెట్టుకోగానే ఆ చురుకు తగ్గుతుంది. విసనకర్ర గాలిని చల్లబరచలేదు. కిరణాలను అడ్డగించింది, అంతే. రేకు కవచం చేసే పని కూడా ప్రధానంగా ఇదే.

వికిరణంలో గుర్తుంచుకోవలసిన విశేషం ఒకటి ఉన్నది. వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. 350 డిగ్రీల వద్ద ఉన్న ఇనుము 700 డిగ్రీలకు చేరితే, అది వెదజల్లే వేడి రెండింతలు కాదు, దాదాపు ఆరింతలు అవుతుంది. అందుకే టర్బో ఎర్రబడిన సమయంలో దాని చుట్టుపక్కల వస్తువులు అంతగా కమిలిపోతాయి. ఒకే స్వభావం గల రెండు తలాల నడుమ అదే స్వభావం గల ఒక్క రేకును నిలిపినా, ఒక తలం నుండి మరొకదానికి చేరే వికిరణం సగానికి తగ్గుతుంది. రెండు రేకులైతే మూడవ వంతుకు. మెరిసే రేకులైతే ఇంకా చాలా తక్కువ. 2021 డిసెంబరు 25న అంతరిక్షంలోకి పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోపును సూర్యుని వేడి నుండి కాపాడుతున్నది కూడా అల్యూమినియం పూత పూసిన ఐదు పలుచని పొరలే. పొరకూ పొరకూ మధ్య ఖాళీ ఉండడమే అందులోని కీలకం.

కవచం చేయబూనినవారు సాధారణంగా పొరపడేది ఇక్కడే. రేకు ఎంత మందంగా ఉంటే అంత మంచిదని తలచి, దళసరి రేకు తెచ్చి, మానిఫోల్డుకు ఆనించి బిగిస్తారు. అల్యూమినియం మంచి ఉష్ణవాహకం. ఆనించి బిగించిన రేకు అడ్డుతెర కాదు, వంతెన అవుతుంది. పలుచని రేకును రెండు వైపులా కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదిలి నిలపడమే సరైన పద్ధతి. నిజానికి కాపాడేది రేకూ, దానికి ఇరువైపులా ఉన్న గాలీ కలిసి.

ఏ లోహాన్ని ఎన్నుకోవాలన్నది చోటును బట్టి ఉంటుంది. అల్యూమినియం రేకు తేలిక, చవక; కత్తెరకు సులువుగా లొంగుతుంది; వేడిని బాగా తిప్పికొడుతుంది. కాని 660 డిగ్రీల వద్ద కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కనుక ఇన్‌టేక్ మానిఫోల్డుకు చేరువగా అది తగినది. టర్బోకు మరీ దగ్గరగా వచ్చే భాగానికి స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మేలు. అది అంత సులువుగా వంగదు, కాని సెగకు తట్టుకొంటుంది, వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. ఇంటి కప్పులకు వాడే జింకు పూత రేకును మాత్రం ఇక్కడ వాడరాదు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. కాలిన జింకు పొగ ఊపిరికి హానికరం.

పని మొదలుపెట్టే ముందు యంత్రం పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ విప్పి ఉంచాలి. తిన్నగా రేకును కత్తిరించబూనడం తొందరపాటు. ముందుగా ఒక అట్టముక్కను తీసుకొని, రెండు మానిఫోల్డుల నడుమ పట్టేలా కత్తిరిస్తూ, మడుస్తూ, నమూనా తయారుచేసుకోవాలి. దర్జీ ముందు కాగితం కత్తిరించుకొన్నట్లే. ఒక అట్టతో సరిపడడం అరుదు. మూడవదో నాలుగవదో కుదురుతుంది. నమూనాను రేకు మీద పెట్టి గీత గీసి, అంచు మడవడానికి నలువైపులా అరసెంటీమీటరు అదనంగా వదిలి, రేకు కత్తెరతో కత్తిరించాలి. అంచులను ఆకురాయితో రాసి, లోపలికి మడిచి, సుత్తితో మెల్లగా అణచాలి. మడిచిన అంచు వలన చేయి తెగదు, తీగలు కోసుకుపోవు, రేకుకు బిగువు వచ్చి గలగల చప్పుడు చేయదు. తెగిన రేకు అంచు కత్తి వంటిది గనుక చేతి తొడుగులు తప్పనిసరి.

బిగించడంలోనే అసలు వివేకం కనబడాలి. యంత్రం తన రబ్బరు దిమ్మల మీద ముందుకూ వెనుకకూ ఊగుతూనే ఉంటుంది. కవచం ఒక కొసను యంత్రానికి, మరొక కొసను కారు గోడకు బిగిస్తే కొద్దిరోజులకే అది చిరిగిపోతుంది. రెండు కొసలూ యంత్రానికే బిగించాలి. అప్పటికే ఉన్న బోల్టుల మీద, మధ్యలో చిన్న గొట్టపు ముక్కలో వాషర్లో పెట్టి, ఎడంగా నిలపాలి. మానిఫోల్డును యంత్రానికి పట్టి ఉంచే నట్లను ఈ పనికోసం విప్పడం గాని, రేకును కీళ్ళ మధ్య ఇరికించడం గాని చేయరాదు. కీలు వదులై పొగ కారుతుంది. బెజ్జాలను కాస్త పొడవుగా చేయడం కూడా అవసరమే. 30 సెంటీమీటర్ల అల్యూమినియం రేకు 200 డిగ్రీలు అదనంగా వేడెక్కితే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఉబ్బుతుంది, లేదా బెజ్జం దగ్గర పగులుతుంది.

మితిమీరిన జాగ్రత్త కూడా కీడు చేస్తుంది. టర్బోను అన్ని వైపులా మూసివేస్తే దాని వేడి దానిలోనే నిలిచిపోతుంది. ఇరుసుకు అందే నూనె మాడి గట్టిపడుతుంది. కవచం కాస్త ఏటవాలుగా ఉండి, కింద వేడెక్కిన గాలి పక్కలకు తప్పుకొనే దారి ఉండాలి. ఇంధన గొట్టాలు, బ్రేకు గొట్టాలు, యాక్సిలరేటరు తీగ దరిదాపులకు అది రాకూడదు. యాక్సిలరేటరు తీగ రేకు అంచుకు తట్టుకొని నిలిచిపోతే కలిగే అపాయం ముందు, వేడిగాలి వలన కలిగే నష్టం ఏపాటిది? రేకు మీద నూనె గాని పెట్రోలు గాని చుక్క చుక్కగా చేరే వీలు ఉంటే ఆ కవచాన్ని తీసివేయడమే మంచిది.

పని ఫలించిందో లేదో ఊహతో తేల్చరాదు. కవచం పెట్టక ముందూ, పెట్టిన తరువాతా, అదే దారిలో, అదే వేళలో కారు నడిపి, ఇన్‌టేక్ మానిఫోల్డు వేడిని ఉష్ణమాపకంతో కొలిచి పోల్చాలి. వేగంగా పోయేటప్పుడు గాలి మానిఫోల్డులో నిలిచే సమయం అత్యల్పం గనుక తేడా స్వల్పంగానే కనిపిస్తుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు, ముఖ్యంగా యంత్రాన్ని ఆపిన తరువాత పది పదిహేను నిమిషాలలో, తేడా ఎక్కువగా తెలుస్తుంది. అప్పుడు చల్లబరిచే నీరూ గాలీ కదలవు. కింది ఇనుములో దాగిన వేడి అంతా పైకి ఎగసి మానిఫోల్డునూ, దానికి అమర్చిన ఇంధన ఇంజెక్టర్లనూ కాలుస్తుంది. వేడి మీద ఉన్న కారు వెంటనే స్టార్టు కాక మొరాయించడానికి ఇదొక కారణం.

కవచానికి ఒక హద్దు ఉన్నది. కింది నుండి వచ్చే వేడిని అది ఆపగలదు గాని, టర్బో అదమడం వలన గాలిలోనే పుట్టిన వేడిని తగ్గించలేదు. దానికి ఇంటర్‌కూలర్ అనే మరొక పరికరం కావాలి. అదిమిన గాలిని పలుచని గొట్టాల గుండా పంపి, బయటి గాలితో చల్లబరచడం దాని పని. క్రైస్లర్ సంస్థ 1987లో డేటోనాకు దానిని చేర్చి, గాలి పీడనాన్ని కూడా పెంచింది. అంతకు ముందు 146 హార్స్‌పవర్ ఉన్న యంత్రం సుమారు 175కు చేరింది. రెండు మానిఫోల్డులు మాత్రం ఆ కొత్త యంత్రంలోనూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటిగానే ఉన్నాయి.