మనోవ్యథ – గ్రంథాలయము



జ్వరము వచ్చినవాని ఇంటికి పదిమంది పరామర్శకు పోవుదురు. మనసు క్రుంగినవాని ఇంటికి ఒక్కడును పోడు. ఆ ఇంటివారును లోకులేమందురో యని దాచుదురు. ఈ జంకే వ్యాధిని ముదురబెట్టుచున్నది. దీనిని దాటుటకు గ్రంథాలయ మొక తోవ కాగలదని మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

హైదరాబాదున ఆసఫియా గ్రంథాలయము 1891లో ఏర్పడి, 1936లో ఆబిడ్సునుండి అఫ్జల్‌గంజిలోని నేటి భవనమునకు చేరెను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసెను. పల్లెలు విడిచివచ్చిన యువకులు ఉద్యోగపరీక్షలకై ఈ నగరపు పఠనమందిరములలో ప్రొద్దస్తమానము కూర్చుండుట అందరెరిగినదే.

నేను ఖైరతాబాదున కాపురమున్నప్పుడు అట్టి యువకు నొకని చూచితిని. పుస్తకము తెరచియుండును, పుట మాత్రము త్రిప్పడు. మూడవనాడు ప్రక్కన కూర్చుండి, "నాయనా, భోజనమైనదా?" యని యడిగితిని. అతడు కన్నీరు పెట్టుకొనెను. పరీక్ష రెండుమార్లు తప్పినదట, తండ్రికి చెప్పలేదట, నెలదినములుగా నిద్రలేదట. వైద్యునియొద్దకు తోడ్కొనిపోతిని. నేను చేసిన దంతే.

వైద్యశాల గడప త్రొక్క జంకువాడు పత్రిక చదువు నెపమున గ్రంథాలయమునకు రాగలడు. అచట ఏల వచ్చితివని యడుగువారు లేరు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయము దీనిని గ్రహించి, 2009లో నిలువనీడ లేని పాఠకులకు తోడ్పడుటకై మనోవైద్య విషయమున శిక్షణ గల సేవకురాలిని నియమించెను. జింబాబ్వే దేశమున 2006లో మొదలైన "స్నేహపు బల్ల" యను ఏర్పాటున, శిక్షణ పొందిన వృద్ధస్త్రీలు వైద్యశాలల ఆవరణలో బల్లలపై కూర్చుండి వచ్చినవారి గోడు విందురు. దానివలన వ్యథ తగ్గుచున్నదని 2016లో ప్రకటితమైన పరిశోధనము తేల్చెను.

అయితే పుస్తకము మందు కాదు. గ్రంథపాలకుడు వైద్యుడు కాడు. వినుట, ఓదార్చుట, తగినచోటికి పంపుట, ఇంతవరకే మన పని. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము చికిత్సను ప్రతివానికి హక్కుగా జేసినది. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును.

పెద్దలారా! మీ యూరి గ్రంథాలయమున ఒక మూల బల్ల వేయించుడు. ఆ సంఖ్యను గోడపై పెద్దయక్షరములతో వ్రాయించుడు. వచ్చినవానిని పరిహసింపకుడు; దయ్యము పట్టినదనకుడు; విన్నమాట రచ్చబండ కెక్కింపకుడు. ఎవడేని చావు మాట యెత్తినచో ఒంటరిగా విడువక, తక్షణమే వైద్యుని యొద్దకు చేర్చుడు. ఓర్పుతో వినుటకు వయసు పండిన మనకంటె తగినవారెవరు?